కడప బీడులో పదహారు వీధిపోట్లు

కర్నూలు

బయలుదేరిన ఉదయం కర్నూలు స్టేషన్‌లో ఉన్నవారు, ఉన్నవి ఇవి: నేను, మా ఆఫీసులో గొలుసు పట్టే ఖాదర్‌వలీ, భూమి కొలిచే అరవై ఆరడుగుల ఇనుప గొలుసు, గోనెసంచిలో, కొత్త పేట ప్లాను చుట్టి పెట్టిన రేకు గొట్టం, నా చంకలో, ట్రంకుపెట్టె ఒకటి, పరుపుచుట్టలు రెండు, మంచినీళ్ళ కూజా ఒకటి, మూత లేకుండా. మూత ముందురోజు గాలికి మా డేరాలోంచి ఎగిరి పక్క డేరాలో పడింది. పక్క డేరా వేరే శాఖ వాళ్ళది. కావాలంటే అర్జీ కాగితం పెట్టుకొమ్మన్నారు.

కర్నూలు రాజధాని అయిందే గానీ అందుకు తగినన్ని ఇళ్ళు అక్కడ లేవు. మా ఆఫీసు డేరాలో, మా పడక డేరాలో. నేను తెనాలివాణ్ణి. మద్రాసులో చదువుకున్నాను. ఊరికి రోడ్లు ఎంత వెడల్పు ఉండాలి, బస్సు ఎంత దూరానికి ఒకసారి ఆగాలి, వెయ్యిమంది జనానికి ఎంత పార్కు కావాలి అన్నీ నేర్చుకుని వచ్చాక, నాకు అప్పగించిన పని డేరాకూ డేరాకూ మధ్య ఎంత ఎడం ఉంటే తాళ్ళు కాళ్ళకు అడ్డం పడవో తేల్చడం. ఆ పని శ్రద్ధగానే చేశాను. అయినా అందరూ పడుతూనే ఉన్నారు.

అందుకే కడప పని వచ్చినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. కడప పొలిమేరలో ఒక గృహనిర్మాణ సహకార సంఘం వాళ్ళు బీడుభూమి కొన్నారు. దాన్ని పేటగా తీర్చే ప్లాను నేను గీశాను. అందులో నాకు ఇష్టమైనవి రెండు. మొదటిది, బస్సులూ లారీలూ పేట చుట్టూ ఉన్న పెద్ద రోడ్డు మీదే తిరుగుతాయి. లోపలి వీధులు ఏవీ ఈ చివరి నుంచి ఆ చివరికి పోవు. ప్రతి వీధీ కొంతదూరం వెళ్ళి ఒక అడ్డవీధికి తగిలి ఆగిపోతుంది. అందువల్ల లోపలికి బండ్ల తాకిడి ఉండదు, పిల్లలు వీధిలో ఆడుకోవచ్చు. రెండోది, నడిమధ్యన నాలుగెకరాల పార్కు.

ఆ పార్కే ఇప్పుడు సంఘంవాళ్ళకు కంట్లో నలుసైందని మా పెద్దాయన, అంటే మా ఆఫీసరుగారు, చెప్పారు. నాలుగెకరాలు గడ్డికి వదిలేదేమిటి, స్థలాలు కోసి అమ్ముకుంటామంటున్నారట. నన్ను వెళ్ళి ఒప్పించి రమ్మన్నారు.

"పచ్చదనం నాలుగెకరాలకు ఒక్క సెంటు తగ్గినా నా సంతకం పడదు" అన్నారాయన. "సంతకం పడకపోతే నువ్వు మళ్ళీ డేరాల దగ్గరికే."

ద్రోణాచలం దాటాక

ద్రోణాచలంలో బండి మారాం. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన నేను, నా పక్కన ఖాదర్‌వలీ. అతనికి ఆఫీసు ఇచ్చిన ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరు, మీసాలు. గోనెసంచి మా ఇద్దరి కాళ్ళ మధ్య ఉంది. దాని మూతి ఊడి, గొలుసు కొస నా పాదం మీద పడి ఉంది. నేను రెండు రోజులుగా గడ్డం గీయలేదు.

ఎదురుగా నంద్యాలకు పోయే ముసలమ్మ ఒకామె కూర్చుంది. చాలాసేపు నన్నూ, గొలుసునూ, ఖాదర్‌వలీ మీసాలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత మూట విప్పి జొన్నరొట్టె తీసి, దాని మీద ఊరిబిండి పెట్టి, నా వైపు చాచింది.

"తిను నాయినా. ఆడ ఏం పెడతారో ఏమో" అంది.

కడపలో భోజనానికి లోటుండదనే విన్నానని చెప్పాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంత లేతోనివి. ఏం జేసినావు నాయినా?"

"భూముల పనమ్మా. ప్లాన్లు గీస్తాను" అన్నాను.

"భూముల కాడనే అందరూ చెడేది" అని ఆమె పక్కామెతో అంది. తర్వాత ఖాదర్‌వలీ వైపు తిరిగింది. "ఏమప్పా, తినేంతసేపన్నా ఆ గొలుసు ఇప్పరాదా. యాడికి పోతాడు, బండి పోతాంటే."

నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు. కడపలో పెద్ద జైలు ఉంది. నేను నోరు తెరిచేలోగా ఖాదర్‌వలీ గంభీరంగా గొలుసు నా పాదం మీంచి తీసి సంచిలో వేసి, "మంచోడేలేమ్మా, ఇంతవరకు పారిపోలేదు" అన్నాడు. ఆమె సంతోషించి ఇంకో రొట్టె ఇచ్చింది. అది అతను తీసుకున్నాడు.

బేతంచెర్లలో మేం దిగేటప్పుడు ఆమె నా తల నిమిరి, అహోబిలం నరసింహస్వామికి మొక్కుకోమని, ఆయన త్వరగా విడిపిస్తాడని చెప్పింది. ప్లాట్‌ఫారం మీద ఖాదర్‌వలీని కోప్పడ్డాను. నిజం చెప్పి ఉంటే రొట్టె పెట్టేదా సార్ అని అడిగాడు. ఆలోచిస్తే పెట్టేది కాదనిపించింది. ఊరిబిండి గురించి మాత్రం ఒక మాట. వేయించిన వేరుశెనగపప్పు, ఎండుమిరపకాయలు, చింతపండు కలిపి రోట్లో నూరతారు. మా వైపు గోంగూర కారంగా ఉంటుందని నేను అనుకునేవాణ్ణి. ఇక అనుకోను.

బేతంచెర్ల

ఇక్కడ దిగింది పేట కాలిబాటలకు నాపరాళ్ళు చూడడానికి. మా తెనాలి నల్లరేగడి నేలలో రాయి కావాలంటే కృష్ణ దాటించి తేవాలి. ఇక్కడ నాపరాయి కానిదేదో వెతుక్కోవాలి. ఇంటి కప్పు నాపరాయి. గోడ నాపరాయి. దొడ్డికి కంచె, నిలబెట్టిన నాపరాళ్ళు. కోళ్ళగూటి తలుపు నాపరాయి, పొద్దున్నే ఇంటావిడ దాన్ని పక్కకు జరుపుతుంది. హోటల్లో బల్ల నాపరాయి, దాని ముందు బెంచీ నాపరాయి. ఎండలో వచ్చి దాని మీద కూర్చున్నవాడు వెంటనే లేస్తాడు.

ఆ హోటల్లో ఉగ్గాని, బజ్జి తిన్నాం. మరమరాలను ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్ళలో నానబెట్టి పిండి, ఉల్లిపాయలతో తాళింపు పెడితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జి తప్పనిసరి. ఇద్దరికీ కలిపి మూడణాలు. కాఫీ అణా, నీళ్ళు ఉచితం, కానీ రెండో గ్లాసు అడిగితే యజమాని మన ఊరేదని అడుగుతాడు.

రాళ్ళ వ్యాపారి చూపించిన రాళ్ళు బాగున్నాయి. ధర కూడా బాగుంది. పెద్దాయనకు చూపించడానికి నమూనా ఒకటి కావాలన్నాను. చేతిలో పట్టేది ఇస్తాడనుకున్నాను. మూడడుగుల పలక ఒకటి తెచ్చి ఖాదర్‌వలీ నెత్తిన పెట్టించాడు. చిన్నది ఇస్తే రాయికి మర్యాదగా ఉండదన్నాడు. గొలుసు, గొట్టం, ఇప్పుడు రాయి. సాయంత్రం బండిలో నంద్యాలకు పోతుంటే ఈసారి ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు. కాస్త జరిగి కూర్చున్నారు.

మైదుకూరు దారి

నంద్యాల నుంచి కడపకు బస్సు. బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో గమనించడం నా చదువులో భాగం. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా గమనించాను, తర్వాత మానేశాను. ఎందుకంటే ఆ బస్సు ఆగని చోటు ఏదో రాసుకోవడం తేలిక. చెయ్యెత్తితే ఆగింది. చెయ్యి ఎత్తబోయి చెమట తుడుచుకున్న మనిషి దగ్గర కూడా ఆగింది. మైదుకూరుకు ముందు ఒక పల్లెలో ఒక మిద్దె ముందు ఆగి, హారన్ కొట్టి, ఇంజను ఆపేసింది. లోపలినుంచి ఒకామె వచ్చి, రెడ్డి సంగటి తింటున్నాడనీ, ఇంకొక్క ముద్దే ఉందనీ చెప్పి వెళ్ళింది. బస్సంతా ఆ ముద్ద కోసం ఎదురుచూసింది.

నేను కండక్టరుకు మెల్లగా చెప్పాను. పావుమైలుకు ఒక స్థలం పెట్టి, మనుషులే అక్కడికి వచ్చి నిలబడితే ఎంత సమయం కలిసొస్తుందో వివరించాను. అతను ఓపికగా విన్నాడు.

"మనిషి బస్సు కాడికి పోయేదైతే దానికి చక్రాలు ఎందుకు సార్?" అన్నాడు.

రెడ్డి మూతి తుడుచుకుంటూ వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. పేరు ఓబుళరెడ్డి. అరవై ఏళ్ళుంటాయి. పెద్ద తలపాగా, ఒళ్ళో పెరుగుకుండ. గొట్టంలో ఏముందని అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. సంఘంవాళ్ళు కొన్న బీడు ఆయనదేనట.

"మూడేండ్లు చెనిక్కాయ ఏసినా. ఇత్తనాలు గూడ తిరిగి రాలేదు. ఇండ్లన్నా మొలుచ్చాయేమో అని ఇచ్చేసినా" అన్నాడు. చెనిక్కాయ అంటే మా వేరుశెనగే. ఆయన కూడా అందులో ఒక స్థలం తీసుకున్నాడట. కడపలో కోర్టు పనులకు వచ్చినప్పుడు ఉండడానికి ఇల్లు కట్టుకుంటాడు. "బస్సు మన వాకిట్లోనే నిలబడుతుంది కదప్పా?"

బస్సు పేట చుట్టూ ఉన్న పెద్ద రోడ్డు మీదే పోతుందని, లోపలి వీధుల్లోకి రాదని చెప్పాను.

"మరి నేను యాడ ఎక్కాల?"

"నూటయాభై గజాలు నడిస్తే చాలు" అన్నాను.

ఓబుళరెడ్డి మొహం తిప్పుకున్నాడు. పెరుగుకుండను రెండో వైపుకు మార్చుకున్నాడు.

కడప, శెట్టిగారి ఇల్లు

సంఘం అధ్యక్షుడు చెన్నయ్య శెట్టి బట్టల వ్యాపారి. నాకు బస ఆయన ఇంట్లోనే. ఖాదర్‌వలీకి కడపలో చుట్టాలున్నారు. ఏ ఊళ్ళోనైనా ఉంటారు. అతను పొద్దున్నే బిర్యానీ వాసనతో వచ్చేవాడు.

శెట్టిగారి ఇల్లు పాత బజారు సందులో ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు, దాని వెనక ఇంకొకరి ఇల్లు. సందు వెడల్పు ఏడడుగులు, కొలిచాను. రెండు వైపులా మిద్దెలు. గాలి వస్తే ఎవరింటి తాళింపో కూడా తెలుస్తుంది. శెట్టిగారి భార్య రత్నమ్మ అలసందవడలు, ఓళిగలు చేసి పెట్టారు. మా బొబ్బట్టే ఇక్కడ ఓళిగ. కానీ మాది మందం, వీళ్ళది పలచన, కాగితంలా మడతపెట్టి నేతిలో ముంచుతారు. ఎన్ని తిన్నానో ఇక్కడ రాయను.

వడ్డిస్తూ ఆమె పార్కు గురించి అడిగారు. నేను జనాభా లెక్కన ఎందుకు నాలుగెకరాలు కావాలో మొదలుపెట్టాను. ఆమె మధ్యలో ఆపారు.

"అదంతా నాకెందుకు నాయినా. ఆడ కూచోవచ్చునా, ఆడోళ్ళు?"

కూర్చోవచ్చన్నాను.

"పెండ్లయి ఈ సందులోకి వచ్చి ఇరవై రెండేండ్లు. ఆకాశం చూడాలంటే మిద్దెక్కాల. ఎక్కితే ఎదురింటాయన మిద్దె మీద పండుకోని ఉంటాడు. దిగి రావాల." ఆమె ఇంకో ఓళిగ వేశారు. "నీ పార్కు ఉంటేనే నేను ఆ పేటకు వచ్చేది. అది అమ్ముకుంటే ఈ కొంపే నయం. ఈయనకు చెప్పినా, వినడు."

శెట్టిగారు తల వంచుకుని నెయ్యి వేసుకున్నారు.

బీడు

మరుసటి రోజంతా నేనూ ఖాదర్‌వలీ బీడులో వీధులు గుర్తుపెట్టాం. కాగితం మీద ప్లాను చూపిస్తే అందరికీ అర్థం కాదు. నేల మీద చూపిస్తే నచ్చకపోదు అని నా నమ్మకం. గొలుసు లాగి, మేకులు కొట్టి, సున్నంపొడితో వీధులన్నీ తెల్లటి గీతలుగా గీశాం. ప్రతి స్థలంలోనూ నంబరు రాసిన రాయి పెట్టాం. అంత చక్కటి వీధులు నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. ఒక్కటీ సాగిపోదు. ప్రతిదీ నేను చెప్పిన చోట ఆగిపోతుంది.

తర్వాతి ఉదయం సభ్యులు వచ్చారు. నలభైమంది దాకా ఉంటారు. ఓబుళరెడ్డి వచ్చాడు. రత్నమ్మ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో జట్కాలో వచ్చి, ఒక పక్కన ఆగారు. ఎవరి స్థలంలో వాళ్ళను నిలబడమని కోరాను. సంతోషంగా నంబర్లు వెతుక్కుంటూ వెళ్ళి నిలబడ్డారు. ఒక్క నిమిషం నా పేట మనుషులతో నిండింది. నా జీవితంలో నేను గీసినదేదీ అంతవరకు నిలబడి నావైపు చూడలేదు.

తర్వాత కొందరు పక్కకు జరగడం మొదలుపెట్టారు. మొదట ఒకడు రెండడుగులు ఎడమకు. తర్వాత ఇంకొకడు కుడికి. ఓబుళరెడ్డి తన స్థలంలోంచే బయటికి వచ్చి, చేతులు కట్టుకుని, నేలమీది తెల్లగీతను చూస్తున్నాడు. ఆ గీత వందగజాల అవతల మొదలై, తిన్నగా ఆయన స్థలం నడుముకే వచ్చి ఆగింది.

"ఏమప్పా ప్లానాయనా," అన్నాడు ఆయన, "ఈ వీధి నా గుండెల్లోకే వచ్చాండాదే."

మా తెనాలిలోనూ వీధిపోటు ఉంది. వీధి తిన్నగా వచ్చి ఇంటికి తగిలితే ఆ ఇంటికి కీడు అని మా అమ్మమ్మ చెప్పేది. మద్రాసులో చదువుకున్న నాలుగేళ్ళలో దాని గురించి ఎవరూ చెప్పలేదు, నేనూ మరిచిపోయాను. ఇప్పుడు లెక్కపెట్టాను. బండ్ల తాకిడి ఆపడానికి నేను వీధులను పదహారుచోట్ల ఆపాను. పదహారుచోట్లా ఒక ఇంటి స్థలం ఉంది. పోటు లేకుండా ఊరు కట్టే ఉపాయాలు ఎన్నో ఉన్నాయి. అవేవీ వాడకుండా ఒకే పేటలో పదహారు పోట్లు పెట్టినవాణ్ణి నేనే అయి ఉంటాను.

పదహారుమందీ తమ స్థలాలు వద్దన్నారు. మిగతావాళ్ళు వాటిని మేమూ తీసుకోం అన్నారు. చెన్నయ్య శెట్టి కొట్టులో గుడ్డ చింపినంత సులువుగా తేల్చేశారు. పోయిన పదహారు స్థలాలకు బదులు పదహారు స్థలాలు కావాలి. అవి పార్కులోంచే తీయాలి. ఒక్కొక్కటి పది సెంట్లు. ఎకరా అరవై. పార్కు రెండెకరాల నలభై సెంట్లకు దిగింది. మా పెద్దాయన సంతకం నా కళ్ళ ముందే చెరిగిపోయింది. రత్నమ్మ జట్కా వైపు తిరిగారు.

నేను గట్టిగా అన్నాను, పోటు తగిలిన పదహారు స్థలాలు ఖాళీగా వదిలి, వాటినీ పచ్చదనం కింద లెక్క వేసుకుందామని. సభ్యుల్లో సిద్ధాంతిగారు ఒకరున్నారు. ఆయన స్థలం అలాంటి ఒక స్థలానికి సరిగ్గా వెనకాల ఉంది. ఆయన వెంటనే ముందుకు వచ్చారు. ఖాళీగా వదిలితే పోటు ఆగదు, ఖాళీ స్థలం దాటి వెనకింటికి తగులుతుంది అన్నారు. వెనక స్థలాలవాళ్ళు మరో పదహారుమంది. వాళ్ళూ జరిగారు.

అడ్డంగా వినాయకుణ్ణి పెడితే పోటు ఆగుతుందని ఎవరో అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. శెట్టిగారు పదహారు వినాయకులకు గుళ్ళు, దీపాలు, నైవేద్యాలు, పూజార్లు లెక్కవేసి, ఇంతమంది వినాయకులను పోషించే స్తోమత సంఘానికి లేదన్నారు. దేవుళ్ళ కింది నేలను పచ్చదనంలో కలిపితే మా పెద్దాయన ఒప్పుకోరని నేనూ అన్నాను. ఎండ ఎక్కింది. ఆ బీడులో నీడ అనేది మా మనుషులదే.

జట్కా దగ్గరినుంచి రత్నమ్మ మాట్లాడారు. మగవాళ్ళతో కాదు, పక్కనున్నామెతో, కానీ అందరికీ వినబడేలా.

"దేవుడైతే దినామూ నైవేద్యం పెట్టాల. చెట్టుకు బిందెడు నీళ్ళు చాలు గదా. చెట్లు పెడితే ఆగదా ఏంది, ఆ పోటు?"

అందరూ సిద్ధాంతిగారి వైపు తిరిగారు. ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టారు. వేపచెట్లు, కానుగచెట్లు దట్టంగా ఉంటే పోటు ఆగుతుందన్నారు. శాస్త్రంలో ఉందా అని ఓబుళరెడ్డి అడిగాడు. ఆలోచిస్తే ఉంటుందన్నారు. అయితే ఒక్క నియమం. చెట్టు బతికి ఉండాలి. ఎండిపోయిన మరుక్షణం పోటు వెనకింటివాడికి తగులుతుంది.

పార్కులు పెట్టడం మా చదువులో ఉంది. కడప ఎండల్లో వాటికి నీళ్ళు పోసేదెవరో లేదు. ఇప్పుడు బీడులో మూలనున్న పాత మోటబావి చుట్టూ ఆ వెనక స్థలాల పదహారుమందీ చేరి, ఎవరికి ఏ పూట నీళ్ళ వంతో తగాదా పడుతున్నారు. తెల్లవారుజాము వంతు సిద్ధాంతిగారే పట్టుపట్టి తీసుకున్నారు. ఒకాయన తన వెనకతట్టు స్థలంలో రెండు వరసల చెట్లు కావాలన్నాడు, భార్య గర్భిణి అట. పెద్ద పార్కులో మిగిలిన రెండెకరాల నలభై గురించి ఎవరూ మాట్లాడలేదు. దాన్ని అమ్మమన్నవాణ్ణి ఇక రానిచ్చేది లేదని శెట్టిగారే ప్రకటించారు. ప్రకటించి భార్య వైపు చూశారు. ఆమె జట్కా దగ్గరినుంచి వచ్చి, పార్కు గీత దాటి లోపలికి వెళ్ళి, ఆ ఇద్దరు ఆడవాళ్ళతో ఉత్తనేల మీదే కూర్చున్నారు.

ఓబుళరెడ్డి ఒక్కడే మిగిలాడు. పార్కులోంచి తనకు తీసిన స్థలం దగ్గరికీ బస్సు రాదని దాన్ని వద్దన్నాడు. పెద్ద రోడ్డు పక్కన, నేను బస్సు ఆగేచోటు అని గుర్తుపెట్టినదానికి ఎదురుగా ఒక స్థలం ఉంది. రోడ్డు రొద అని మొత్తుకుంటున్న దాని సభ్యుడు, రెడ్డికి తీసిన పార్కు స్థలంతో మార్చుకుంటానన్నాడు. ఓబుళరెడ్డి వెళ్ళి అందులో నిలబడి, అటూ ఇటూ చూసి, చేయెత్తి చూశాడు. బస్సేదీ రాలేదు గానీ, వచ్చి ఉంటే ఆగేదే.

"ఈడనే గదా ఆగేది? ఇప్పుడు నడవాల్సిన పనేముండాది, చెప్పు" అన్నాడు. పావుమైలు సూత్రం కడపలో అలా నెగ్గింది.

మళ్ళీ కర్నూలు

నమూనా నాపరాయిని తిరుగు బస్సువాడు టాపు మీద పెట్టనివ్వలేదు. దాన్ని రత్నమ్మగారికి ఇచ్చేసి, మామూలు మనుషుల్లా తిరిగి వచ్చాం. ఖాదర్‌వలీ దారిలో నన్ను విడుదల అయినందుకు అభినందించాడు.

పెద్దాయన డేరాలో బల్ల మీద మార్చిన ప్లాను పరిచాను. ఆయన చాలాసేపు చూశారు. ప్రతి వీధి చివరా చిన్న తోపు పెట్టడం తనకు తోచలేదనీ, విదేశాల్లో కూడా ఇలాగే చేస్తారనీ, వీధి చివర చూపు ఆగడానికి ఏదో ఒకటి ఉండాలనీ అన్నారు. ఇక్కడా ఏదో ఒకటి ఆగడానికేనండీ అన్నాను. కలం మూత తీసి, మొత్తం ఎంతైంది అని అడిగారు.

పెద్ద పార్కు రెండెకరాల నలభై సెంట్లు. చిన్నవి పదహారు, ఒక్కొక్కటి పది సెంట్లు. మొత్తం నాలుగెకరాలు.